ఖాళీ స్థలము: బొంబాయి మిల్లు భూముల వివాదమున ఒక పదము కథ

తెలుగున నేలకు గల పేళ్లు పెక్కు. దున్నక విడిచినది బీడు. కట్టడములు లేక తెరపిగా నుండునది బయలు. ఒకప్పుడు జనులు కాపురముండి తరువాత నిర్మానుష్యమైనది పాడు. పాడుపడిన యూరి దిబ్బను పాటిదిబ్బ యనియు, అందలి మట్టిని పాటిమన్ను అనియు మన రైతులు వ్యవహరింతురు. బయలును పాడును కంటికి దాదాపు ఒకే తీరున కనబడును. ఐనను మన పూర్వులు వానికి వేఱువేఱు పేళ్లు పెట్టిరి; ఏలయన పాటి నేలలో మనుష్యుల కాపురపు గుర్తులు మిగిలియుండును. అరబ్బీనుండి ఉర్దూ మూలమున మన వ్యవహారమునకు వచ్చిన 'ఖాళీ' యను పదము ఈ రెంటిని ఒక్క గాటను కట్టివైచినది.

నగరచరిత్రకు సంబంధించిన వ్యాసమును ఈ విధముగా పదచర్చతో ప్రారంభించుట కొందఱకు వింతగా తోపవచ్చును. కాని బొంబాయి నగరము నడిబొడ్డున సుమారు 600 ఎకరముల మిల్లు భూమి యెవరికి చెందవలెనను వివాదము, పదునైదేండ్లు సాగి, తుదకు 2006 మార్చి 7వ తేదీన సుప్రీము కోర్టులో ఈ ప్రశ్నపైననే తేలినది: కట్టడమును కూల్చిన పిమ్మట మిగులు నేల ఖాళీ స్థలమగునా, కాదా? ఆ ప్రశ్న యెట్లు పుట్టినది, దానికి వచ్చిన సమాధానమువలన ఎవరేమి పోగొట్టుకొనిరి అనునది ఈ వ్యాసమున పరిశీలింప దలచితిని. నగరము పేరు 1995లో ముంబయిగా మారినను, ఇందలి వృత్తాంతములో హెచ్చు భాగము అంతకు పూర్వపుది గావున బొంబాయి యనియే వ్రాయుచున్నాను.

తెలుగు శాఖవారి పత్రికలో బొంబాయి మిల్లుల ప్రసక్తి యేల యని యెవరైన అడిగినచో, ఆ నగరనిర్మాణమున తెలుగువారికి గల పాలు తక్కువది కాదని మనవి చేయుదును. 18వ శతాబ్ది చివరి భాగమునుండియే నైజాము రాజ్యమునుండి కట్టడపు పనులకై బొంబాయి చేరిన తెలుగు కూలీలను అచటివారు కామాఠీలనిరి. వారు నివసించిన పేటయే కామాఠీపురా. ఆ పేరు తరువాతి కాలమున వేఱొక కారణమున లోకమునకు తెలిసినది గాని, మొదట అది రాళ్లు మోసిన వారి పేట. అట్టి తెలుగువారిలో గుత్తేదారులుగా పైకి వచ్చిన రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడీ లింగు, వెంకు బాలోజీ కాలేవారు మొదలగువారు, 1873లో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచిరి. ఆ సమాజపు కార్యకర్తయైన నారాయణ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు పనివారిని సమావేశపఱచి వారమున కొక దినము సెలవు కావలెనని కోరెను. 1890లో ఆ సెలవు లభించినది. బొంబాయి కార్మికోద్యమమునకు తొలియడుగు ఇదియే యని చెప్పుట పరిపాటి. ఆ సమాజమును పోషించిన చేతులలో తెలుగు చేతులును ఉన్నవని మన చరిత్రగ్రంథములు తగినంతగా చెప్పలేదు. తరువాతి కాలమున కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతములనుండి పద్మశాలీలు షోలాపురమునకు, బొంబాయికి, భివండికి మగ్గపు నేర్పును చేతబట్టుకొని పోయిరి.

బొంబాయిలో మొదటి నూలుమిల్లు కంపెనీని 1854లో కావస్‌జీ నానాభాయి దావరు స్థాపించెను. తార్‌దేవులో ఆ మిల్లు 1856లో పని మొదలిడెను. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధకాలమున ఇంగ్లండునకు అమెరికా ప్రత్తి రాకపోవుటచే బొంబాయి వర్తకులకు కనకవర్షము కురిసినది. ఆ యుద్ధముతోనే ఆ వర్షమును ఆగినది గాని, ఆ శతాబ్ది ముగియులోపల కోటకు ఉత్తరముననున్న పల్లపు నేలలలో, బైకుల్లా, పరేలు, లాల్‌బాగు, వర్లీ, నాయిగాముల మీదుగా దాదరు దిక్కునకు పొగగొట్టములు వరుసగా లేచినవి. మరాఠీవారు ఈ ప్రాంతమునకు 'గిరణ్‌గావ్' అని పేరిడిరి. గిరణి యనగా మిల్లు. మిల్లుల యూరు అని యర్థము. మహానగరము నడుమనున్న దానిని ఊరు అనుటలో ఔచిత్యమున్నది. కొంకణమునుండి, సతారా కొల్లాపురములనుండి, మన తెలంగాణమునుండి వచ్చినవారు తమతమ యూళ్లవారితో గూడి ఒకే గదిలోనో, ఒకే వరుసలోనో నివసించెడివారు. భార్యాబిడ్డలను స్వగ్రామమున విడిచి వచ్చిన మగవారికి అన్నము వండిపెట్టి జీవించిన స్త్రీలు వేలకొలది. వారి ఖానావళులు లేనిచో మిల్లు యొక్క దినముకూడ నడచెడిది కాదు. 1975లో ప్రేమా పురవ్ గారు అన్నపూర్ణా మహిళామండలి యను సంఘమును పెట్టువఱకు వీరిని కార్మికులుగా లెక్కించినవారు లేరు.

పనివారు మిల్లు సమీపముననే యేల నివసింపవలసి వచ్చెననునది ఇచట ముఖ్యమైన విషయము. మిల్లులలో స్థిరమైన పనివారితోపాటు 'బదలీ'లని పిలువబడు రోజువారీలు పెద్ద సంఖ్యలో నుండిరి. వీరు ప్రాతఃకాలమున మిల్లు వాకిట నిలిచియుండవలెను. ఎవడైన రానిచో వాని మగ్గము వీరిలో నొకనికి దొరకును. కూత వినబడునంత దూరములో లేనివానికి నాటి కూలి లేదు. పనిలో చేర్చుకొను ముకద్దముతో పరిచయము, కిరాణాకొట్టులో అప్పు, జబ్బు చేసినపుడు పొరుగువాని సాయము, ఇవి యన్నియు మిల్లునకు అయిదు పది నిమిషముల నడకలో నున్నవి. ఇంటికిని పనికిని ఇంత దగ్గఱ సంబంధముండుటచేతనే తరువాతి కాలమున మిల్లు మూతపడినప్పుడు వారు కోల్పోయినది ఒక్క జీతము మాత్రము కాదు. కూలిపోరాటము భూమిపోరాటముగా మారుటకు మూలము ఇచట నున్నదని నా యభిప్రాయము.

ఆ పేటల నేలపై పేచీ కొత్తది కాదు. 1896లో మాండవీ ప్రాంతమున ప్లేగు బయలుదేరినది. రోగులను బలవంతముగా తరలించుటకు భయపడిన జనులు వేలకొలది పట్టణమును విడిచిపోయిరి. ఆ యేడు అక్టోబరులో మిల్లు పనివారు గుంపుగా వెడలి ఆర్థరు రోడ్డు ఆసుపత్రిపై బడిరి. పైని చెప్పిన లోఖండే ప్లేగు రోగులకు సేవచేయుచు తానును ఆ వ్యాధికే బలియై 1897లో మరణించెను. 1898లో ప్రభుత్వము నగరాభివృద్ధి ట్రస్టును నెలకొల్పినది. గాలియు వెలుతురును లేని యిండ్లను తీసివేసి విశాలమైన వీథులు వేయుట దాని యాశయము. ఆశయము మంచిదే. కాని కూల్చిన గదుల సంఖ్య ముందు, కట్టిన గదుల సంఖ్య వెనుక నడచినది. 1920లో బొంబాయి అభివృద్ధి శాఖ ఏర్పడి వర్లీ, నాయిగాము, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో రెండువందలకు పైగా చాళ్లను నిర్మించెను. ఒక్కొక్క చాలు నాలుగంతస్థులు, 80 గదులు. ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. వర్లీ చాళ్లలో మన పద్మశాలి కుటుంబములు తరతరములుగ నివసించినవి. ఈ 160 అడుగుల లెక్కను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. దీనితో మరల పని పడును.

లాల్‌బాగులో జరిగిన మఱియొక సంగతిని ఇచట ప్రస్తావింపక పోజాలను. పేరూ చాలు అంగడి 1932లో మూతపడగా, చేపలమ్మువారును చిల్లరవర్తకులును తమకు స్థిరమైన అంగడి స్థలము లభించినచో గణపతిని నిలిపెదమని మ్రొక్కుకొనిరి. స్థలము లభించినది. 1934లో విగ్రహమును నిలిపిరి. లక్షలాది భక్తులు గంటలకొలది నిలువబడి దర్శించు లాల్‌బాగు రాజా ఆ మ్రొక్కునుండి వెలసిన దైవమే. వీథివర్తకుల స్థలవివాదము ఉత్సవముగా పరిణమించిన యుదాహరణము నాకు తెలిసినంతలో వేఱొకటి లేదు.

సమ్మెల చరిత్రను విపులముగా చెప్పుట ఈ వ్యాసమునకు మించిన పని. 1908లో తిలకునకు ఆరేండ్ల శిక్ష పడినప్పుడు మిల్లు పనివారు ఆరుదినములు పని మానిరి. 1928లో ఆరు నెలలు సాగిన సమ్మెనుండి గిరణీ కాంగారు సంఘము ఎఱ్ఱజెండాతో తలయెత్తినది. 1955, 56 సంవత్సరములలో సంయుక్త మహారాష్ట్రోద్యమమున తుపాకిగుండ్లకు నేలగూలినవారిలో ఈ పేటలవారు పెక్కుమంది. వీనిలో నొక సామాన్యలక్షణము కలదు. సమ్మె మిల్లులో ప్రారంభమగును గాని నిలుచుట పేటలో. కొట్టువాడు అప్పిచ్చినంతకాలము, ఇంటి యజమాని అద్దెకు తొందరచేయనంతకాలము, ఊరినుండి బియ్యము వచ్చినంతకాలము సమ్మె నిలుచును.

1982 జనవరి 18వ తేదీన డాక్టరు దత్తా సామంతు నాయకత్వమున మొదలైన సమ్మె వీనియన్నిటికంటెను పెద్దది. దాదాపు రెండున్నర లక్షలమంది పని మానిరి. బోనసు, కూలి పెంపు అందు పైకి కనబడిన కోరికలు. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధముల చట్టము ప్రకారము ఒక పరిశ్రమలో ఒకే సంఘమునకు గుర్తింపు; ఆ గుర్తింపు కాంగ్రెసు పక్షపు రాష్ట్రీయ మిల్లు మజ్దూరు సంఘమునకు ఉండెను. పనివారు దానిని నమ్ముట మానిరి, చట్టము దానినే నమ్ముచుండెను. ప్రభుత్వము సామంతుతో మాటాడుటకు అంగీకరింపలేదు. ఏడాది గడచినది, ఏడాదిన్నర గడచినది. 1983లో కేంద్రప్రభుత్వము 13 మిల్లుల నిర్వహణమును చేపట్టినది. యజమానులు నేతపనిని భివండి మరమగ్గములకు మరల్చిరి. వేలకొలది పనివారు మరల మిల్లు గడప త్రొక్కలేదు. అయినను ఈ సమ్మెను విరమించుచున్నామని ఎవరును విధియుక్తముగా ప్రకటింపలేదు.

నా చిన్నతనమున మా వాడకట్టులో, సమ్మె తరువాత బొంబాయినుండి తిరిగివచ్చిన పద్మశాలి వృద్ధుడొకడుండెను. ఆయనను మేమందఱము బొంబాయి తాత యని పిలిచెడివారము. సమ్మెను ఆయన మరాఠీవారివలె సంపు అనెడివాడు. "తాతా, సంపు ఎప్పుడు అయిపోయింది?" అని అడిగినచో, "ఏడ అయిపోయిందిరా, ఇంకా నడుస్తనే ఉన్నది" అని బదులు చెప్పెడివాడు. అది హాస్యమని నవ్వితిమి. ఆ మాట అక్షరాల నిజమని గ్రంథములు చదివిన పిదప గాని నాకు తెలియలేదు.

సమ్మె తరువాతి పదేండ్లలో ఒక మార్పు వచ్చినది. మిల్లులలోని యంత్రములు పాతబడినవి, వానిపై వచ్చు లాభము తగ్గినది. వాని క్రిందనున్న నేల వెల మాత్రము ఏటేట పెరిగినది. నూలు నేయుటకంటె నేలను అమ్ముట లాభమని యజమానులు గ్రహించుటకు ఎక్కువ కాలము పట్టలేదు. యజమానుల వాదమునందు నిజము బొత్తిగా లేదనుట న్యాయము కాదు. బ్యాంకుల అప్పులు, పనివారి బకాయిలు తీర్చుటకు నేల తప్ప వారియొద్ద అమ్మదగినది లేకుండెను. కాని ఆ భూములలో కొన్ని ప్రభుత్వమునుండియో, నగర సంస్థలనుండియో కౌలునకు వచ్చినవి. అన్నియు పరిశ్రమకని ప్రణాళికలో గుర్తింపబడినవి. పరిశ్రమకై వాడబడిన నేల పరిశ్రమ పోయిన తరువాత ఎవరిది? 1989లో దత్తా ఇస్వల్కరు అను మిల్లు కార్మికుడు, తోటివారితో గూడి మూతపడిన మిల్లుల కార్మికుల పోరాట సమితిని స్థాపించి ఈ ప్రశ్నను ముందునకు తెచ్చెను. 2021లో మరణించువఱకు ఆయన ఈ పనినే చేసెను. కూలి పెంచుమని అడుగుటకు యజమాని యుండవలెను, నడచు మిల్లు ఉండవలెను. ఆ రెండును లేనివారు అడుగుటకు మిగిలినది నేలయే.

ఆ సమయముననే, 1991లో, బొంబాయి అభివృద్ధి నియంత్రణ నిబంధనలు వెలువడినవి. అందు 58వ నిబంధనము మిల్లు భూములకు సంబంధించినది. మిల్లు భూమిని వేఱొక యుపయోగమునకు త్రిప్పదలచినవారు దానిని మూడు పాళ్లు చేయవలెను. 5 హెక్టారుల లోపు భూమియైనచో నూటికి 33 పాళ్లు నగరసంస్థకు ఉద్యానములు, ఆటస్థలములకై, 27 పాళ్లు మ్హాడా యను రాష్ట్ర గృహనిర్మాణ సంస్థకు, మిగిలిన 40 పాళ్లు యజమానికి. భూమి పెద్దదైనకొలది యజమాని పాలు కొంత తగ్గును. జనులు దీనిని క్లుప్తముగా మూడోవంతు సూత్రమనిరి. ఇరుకైన నగరమునకు తెరపి, పేదలకు ఇండ్లు, యజమానికి ధనము, ఇంత సులభమైన పంపకము మన నగర చరిత్రలలో అరుదు.

సూత్రము మంచిదైనను పాటింపబడలేదు. తమ పాలు చాలదని యజమానులు భూములను బయటికి తీయకుండిరి. ఉన్న కట్టడమును కూల్పక దానిలోపలనే ఉపయోగమును మార్చినచో పంపకము పని లేదనునది నిబంధనములోనే యున్న సందు. పాత షెడ్లలో కార్యాలయములు, భోజనశాలలు, వినోదశాలలు వెలసినవి. 1905లో స్థాపింపబడిన ఫీనిక్సు మిల్లు పెద్ద అంగళ్ల సముదాయముగా మారినది. దాని పొగగొట్టమును మాత్రము అలంకారముగ నిలిపిరి. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఏర్పడిన సంఘము జాతీయ వస్త్రసంస్థ అధీనముననున్న 25 మిల్లుల భూములను పరిశీలించి, వానిని విడివిడిగా గాక ఒకే ప్రణాళికగా చూచి, రైలుస్టేషనుల చుట్టును తెరపియు దారులును ఏర్పఱుపవలెనని సూచించెను. ఆ సూచన కాగితముపైననే నిలిచిపోయినది.

2001 మార్చి 20వ తేదీన ప్రభుత్వము 58వ నిబంధనమును సవరించెను. పాతసూత్రమువలన నేల బయటికి రాలేదు గావున దానిని సడలించుచున్నామనునది కారణముగా చెప్పబడినది. పాళ్ల లెక్క మారలేదు. 33, 27, 40 అట్లే యున్నవి. మారినది పంచవలసిన నేల యేదియను నిర్వచనము. ఇకమీదట మొదటినుండి కట్టడము లేక ఖాళీగా నున్న స్థలమునే పంచవలెను. మిల్లు షెడ్డును కూల్చగా మిగులు నేల ఖాళీ స్థలముక్రింద లెక్కకు రాదు.

ఈ మార్పు బరువు తెలియుటకు చిన్న లెక్క వేసి చూతము. మిల్లు యనగా పొడవాటి షెడ్లు. ప్రాంగణములో అధికభాగమును అవియే ఆక్రమించును. పది యెకరముల మిల్లులో ఎనిమిది యెకరములు షెడ్లు, రెండెకరములు ఖాళీ యనుకొందము. పాతలెక్కలో షెడ్లు కూల్చిన తరువాత పదియెకరములును పంపకమునకు వచ్చును. నగరమునకును గృహనిర్మాణ సంస్థకును కలిపి ఆరెకరములు దక్కును. కొత్తలెక్కలో పంపకమునకు వచ్చునవి రెండే యెకరములు. ప్రజలకు దక్కునది ఎకరమున్నర యైన కాదు. ఒక్క అంకెను మార్పకయే అయిదింట నాలుగు పాళ్లు తీసివేయుట యెట్లో ఇందు చూడవచ్చును. ఇంత పెద్దమార్పు ఒక వివరణ రూపమున వచ్చినది. ఆ సమయమున దానిని చదివి యర్థము గ్రహించినవారు మిక్కిలి కొలదిమంది. కార్మికసంఘములును దానిలోని గృహములకు సంబంధించిన భాగమును చదివినంత శ్రద్ధగా నిర్వచనమును చదివినట్లు తోపదు. ఇది నిందగా వ్రాయుట లేదు. మిల్లు వాకిట నిలిచినవానికి నిర్వచనములు చదువు నలవాటు ఎట్లు కలుగును?

2005లో రెండు సంఘటనలు ఒకదానివెంట నొకటి జరిగినవి. జాతీయ వస్త్రసంస్థ తన మిల్లులలో అయిదింటిని వేలము వేయగా రెండువేల కోట్ల రూపాయలకు పైగా వచ్చినది. లోయరు పరేలులోని ముంబయి టెక్స్‌టైలు మిల్లు ఒక్కదానికే 702 కోట్లు పలికినది. ఆ యేటనే జులై 26వ తేదీన శాంతాక్రూజులో ఒక్క దినమున 944 మిల్లిమీటర్ల వర్షము కురిసి నగరము మునిగినది. నీరు ఇంకుటకు నేల యెచటనున్నదని అంతవఱకు అడుగనివారును అడిగిరి. బొంబాయి పర్యావరణ కార్యాచరణ సంఘము హైకోర్టులో వేసిన వ్యాజ్యమున 2005 అక్టోబరు 17వ తేదీన తీర్పు వచ్చినది: కూల్చినపిమ్మట మిగులు నేలయు ఖాళీ స్థలమే, అదియు పంపకమునకు రావలెను. అయిదు నెలలు గడువకమునుపే సుప్రీము కోర్టు ఆ తీర్పును త్రోసివైచెను. సవరణము చెల్లును, ఖాళీ యనగా మొదటినుండి ఖాళీగా నున్నదియే, మూతపడిన మిల్లుల పునరుద్ధరణము, పనివారి బకాయిలు అను ప్రయోజనములనుకూడ ప్రభుత్వము చూడవచ్చును అని దాని సారాంశము.

తీర్పులోని న్యాయమీమాంసను విమర్శించుటకు నాకు అధికారము లేదు. చరిత్రకారునిగా గమనింపదగినది వేఱొకటి. మిల్లు భూములను గూర్చిన అతిపెద్ద వ్యాజ్యము పర్యావరణము పేరున నడచినది గాని కార్మికుల హక్కు పేరున నడువలేదు. గుర్తింపు గల సంఘము బకాయిలు చెల్లునను కారణమున భూముల అమ్మకమును సమర్థించినది. నేల కోరినవారు ఒక ప్రక్కను, నేల అమ్మగా వచ్చు సొమ్మునకై నిరీక్షించువారు మఱియొక ప్రక్కను నిలువవలసి వచ్చినది. ఇరువురును ఒకే చాలునుండి వచ్చినవారు. తెరపి కోరిన విద్యావంతులును ఇండ్లు కోరిన కార్మికులును అంతకు పదేండ్ల ముందు ఒకటిగా నిలిచి 58వ నిబంధనమును కాపాడియుండినచో 2001 నాటి సవరణము అంత నిశ్శబ్దముగా వచ్చియుండెడిది కాదని నేను భావించుచున్నాను. ఇందు నాతో ఏకీభవింపనివారు ఉండవచ్చును. పర్యావరణవాదులు కోరిన ఉద్యానములలో తమకు చోటుండదని కార్మికులు శంకించుటకు కారణములు లేకపోలేదు.

తరువాత కట్టిన గోపురములను వర్ణింప నక్కఱలేదు. లోయరు పరేలు, ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషనులలో ఒకప్పుడు దిగిన మిల్లు పనివారికి మాఱుగా కార్యాలయ ఉద్యోగులు లక్షలలో దిగసాగిరి. స్టేషనులు మాత్రము అవియే, మెట్లు అవియే. 2017 సెప్టెంబరు 29వ తేదీ ఉదయమున వానకు జనులు ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను పాదచారుల వంతెనపై నిలిచిపోగా తొక్కిసలాటలో 23 మంది మరణించిరి. సరిగా మూడు నెలలకు, డిసెంబరు 29వ తేదీన, కమలా మిల్లు ప్రాంగణమున మేడపై నడచుచున్న భోజనశాలలలో నిప్పంటుకొని 14 మంది మరణించిరి. స్టేషనుల చుట్టును తెరపి యుండవలెనని 1996లో వ్రాయబడిన కాగితమునకు ఈ మృతులకు గల సంబంధమును వేఱుగ వివరింప బనిలేదు.

మన ప్రాంతమునందును ఇట్టిది జరుగకపోలేదు. 1934లో వరంగల్లున నైజాము ప్రభుత్వము నెలకొల్పిన ఆజం జాహి మిల్లు తరువాత జాతీయ వస్త్రసంస్థ చేతికి వచ్చి, తుదకు మూతపడినది. దాని భూమిని స్థలములుగా విభజించి విక్రయించిరి. ఇంటిస్థలములకై అచటి పనివారును పోరాడవలసి వచ్చినది. దానిని గూర్చి ఆ జిల్లా పరిశోధకులు విపులముగా వ్రాయవలసియున్నది.

బొంబాయి కార్మికులకు పూర్తిగా చేతులు ఖాళీ కాలేదు. పోరాట సమితియు ఇతర సంఘములును ఊరేగింపులు, నిరాహారదీక్షలు చేయగా, మ్హాడాకు దక్కిన కొలది నేలపై కట్టిన ఇండ్లను కార్మికులకును వారి వారసులకును చీట్లు తీసి ఇచ్చు ఏర్పాటు జరిగినది. దరఖాస్తు చేసికొన్నవారు లక్షన్నరకు దగ్గఱగా నున్నారు. 2012 జూనులో మొదటిసారి పెద్ద యెత్తున చీట్లు తీసినప్పుడు ఇండ్లు 6,925. ఒక్కొక్కటి 225 చదరపు అడుగులు, వెల ఏడున్నర లక్షల రూపాయలు. 2020లో మరల సుమారు 3,900 ఇండ్లకు తీసిరి. ఈ రెంటి నడుమ, 2016లో, నగరమునకు వెలుపల పన్వేలు సమీపముననున్న కోన్ గ్రామమున రెండువేలకు పైగా ఇండ్లను కేటాయించిరి. అవి మొదట అద్దెకిచ్చుటకై కట్టిన చిన్న గదులు. ఒక్కొక్కటి కుటుంబమునకు చాలదని, రెండేసి గదులను కలిపి ఒక యిల్లుగా లెక్కించిరి. విడిగా ఒక్కొక్క గది కొలత 160 చదరపు అడుగులు.